రబ్బరు బల్ల దగ్గర ఆర్డిస్

కచేరీ శనివారమైతే తుడుపు మంగళవారం. కాల్డర్ ఫాల్స్‌లో ఈ పద్ధతి ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. మంగళవారం పొద్దున్నే లూథరన్ చర్చి కింది గదిలో పొడుగు బల్లలు పరుస్తారు. కాఫీ మరుగుతూ ఉంటుంది. ఎవరో ఒకరు నిమ్మకాయ కేకు ముక్కలు తెస్తారు. సింఫనీ సహాయక సంఘం ఆడవాళ్లు చేతికో తెల్ల రబ్బరు పట్టుకుని కూర్చుంటారు.

మా ఊరి ఆర్కెస్ట్రా వాయించే సంగీతం చాలావరకు అద్దెది. ప్రచురణ సంస్థలు స్వరాల ప్రతులను పెట్టెల్లో పంపుతాయి. వాయించేవాళ్లు వాటిమీద పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటారు. ఇక్కడ ఊపిరి పీల్చు, ఇక్కడ మెల్లగా, ఇక్కడ పక్కవాణ్ణి చూసి మోసపోకు. పగలంతా పళ్లు పీకి రాత్రి డ్రమ్ములు కొట్టే డెంటిస్టు తన ప్రతిలో ప్రతిసారీ ఒకేచోట ‘లే’ అని రాసుకుంటాడు. కచేరీ అయ్యాక ఇవన్నీ తుడిచి, కాగితం ఎలా వచ్చిందో అలాగే వెనక్కి పంపాలి. ఆ పని ఈ ఆడవాళ్లది. టిక్కెట్లు చింపేదీ, తలుపుల దగ్గర నిలబడేదీ, బయటూళ్ల నుంచి వచ్చిన సోలో కళాకారుడికి ఇంట్లో బస ఇచ్చేదీ వీళ్లే. కానీ సంఘం అంటే ఊళ్లో అందరికీ గుర్తొచ్చేది రబ్బరు బల్లే. ఆ బల్ల తల దగ్గర కూర్చునేది ఆర్డిస్ హాల్వర్సన్.

ఆర్డిస్ పాడి రైతు కూతురు. పెళ్లికి ముందూ తరవాతా మా కాగితం మిల్లులో షీట్లు ఏరే విభాగంలో పనిచేసింది. మచ్చ ఉన్న కాగితాన్ని వేలి కొసతో కనిపెట్టేది. సంగీతం చదవడం ఆమెకు చివరిదాకా రాలేదు. స్వరాల చుక్కలకు తోకలెందుకుంటాయని ఆమె అడిగితే, “ఎగరడానికి” అని భర్త చెప్పాడట. ఆ జవాబుతో ఆమె సరిపెట్టుకుంది.

భర్త వెండెల్ హైస్కూల్లో సంగీతం మాస్టారు. ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్ల మొదటి కుర్చీ ఆయనది. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి వాయించడం కాక ఇంకో బాధ్యత ఉంటుంది. వయొలిన్ల వాళ్లందరి కమానులూ ఏ స్వరానికి పైకి వెళ్లాలో, ఏ స్వరానికి కిందికి దిగాలో అతనే తేల్చాలి. తేల్చి ప్రతి పుటమీదా గుర్తు పెట్టాలి. పైకైతే టిక్కు లాంటి గీత, కిందికైతే అడుగు లేని డబ్బా. వెండెల్ ఆ పని వంటింటి బల్లమీద చేసేవాడు. వయొలిన్ తీస్తే పిల్లలు లేస్తారని చెక్క గరిటెను గాలిలో అటూ ఇటూ లాగి చూసుకునేవాడు. ఆర్డిస్ ఎదురుగా కూర్చుని బఠాణీలు వలిచేది. గట్టి పెన్సిలుతో నొక్కి రాస్తే మాత్రం ఊరుకునేది కాదు. తరవాత తుడిచేవాళ్ల చేతులు ఏం కావాలని కోప్పడి, తనే మెత్తటి ములుకు పెన్సిళ్లు కొని తెచ్చింది. అప్పట్నుంచి ఆయన గీతలన్నీ నీడల్లా పలచగా పడేవి.

సంఘంలో కొత్తగా చేరినవాళ్లకు తుడవడం నేర్పేదీ ఆర్డిస్సే. ఒక్క దిక్కుకే తుడవాలి. నొక్కకూడదు. పొట్టును ఊదకూడదు, ఉమ్మి పడుతుంది, బ్రష్షుతో దులపాలి. ఇవన్నీ చెప్పి చివర్లో తన సామెత చెప్పేది: “అరువు తెచ్చింది ఏదైనా తెచ్చినప్పటికంటే శుభ్రంగా ఇచ్చెయ్యాలి. పక్కింటి గిన్నె తోమకుండా ఇస్తామా?” అద్దె అనే మాట ఆమె నోట వచ్చేది కాదు. వాళ్ల పల్లెలో దూడల బండి, విత్తనాల యంత్రం, ఏదైనా అరువే. ప్రచురణ సంస్థ పెట్టె కూడా ఆమె లెక్కలో అరువే.

“ఇదిగో చూడు, మా ఆయన గడ్డం కంటే నున్నగా చేశా,” అని లావోన్ పీటర్సన్ ఓ పుట ఎత్తి చూపేది. లావోన్ ఆమె చిన్ననాటి స్నేహితురాలు. నోరు ఆగదు.

“మీ ఆయన గడ్డంతో పోటీ అయితే చీపురు కూడా గెలుస్తుంది,” అనేది ఆర్డిస్, తలెత్తకుండానే.

వెండెల్ ఓ శీతాకాలం ఇంటిముందు మంచు ఎత్తుతూ పారమీద వాలిపోయి చనిపోయాడు. ఆ తరవాత ఏళ్లలో ఆర్డిస్ వినికిడి తగ్గుతూ వచ్చింది. చెవి మిషన్లతో మాటలు అందేవి గానీ ఆర్కెస్ట్రా అందేది కాదు. అంతమంది ఒకేసారి వాయిస్తే రేకుల షెడ్డుమీద వడగళ్లు పడ్డట్టుందని లావోన్‌తో చెప్పింది. అయినా ఒక్క కచేరీ మానలేదు. బాల్కనీలో ఎడమవైపు మొదటి వరుస. దీపాలు తగ్గగానే మిషన్లు తీసి పర్సులో వేసుకునేది. ముందుకు వంగి, మోచేతులు కడ్డీమీద ఆనించి చూస్తూ కూర్చునేది. సంగీతమంటే ఎంత పిచ్చో అని వెనక వరుసవాళ్లు మెచ్చుకునేవారు.

ఆమె చూసేది కమానుల్ని. ఆ సంగతి అప్పట్లో లావోన్‌కు ఒక్కదానికే తెలుసు.

ఆర్కెస్ట్రాకు సొంత ప్రతులు కొన్నే ఉన్నాయి. వాటిలో పెద్దది నాలుగు భాగాల ఒక సింఫనీ. వెండెల్ కాలంలో సంఘం కేకులమ్మి, దుప్పట్లు కుట్టి కొన్నది. సొంతది కాబట్టి దాన్ని తుడిచే పని లేదు. వెండెల్ పెట్టిన గుర్తులు అందులో అలాగే ఉండిపోయాయి. ఆయన పోయాక రెండుసార్లు ఆ సింఫనీ వాయించారు. రెండుసార్లూ ఆర్డిస్ బాల్కనీలోంచి చూసింది. వయొలిన్ల వాళ్లంతా, అందులో ఆయన ముఖమైనా ఎరగనివాళ్లు కూడా, వంటింటి బల్లమీద ఆయన అనుకున్నచోట కమాను ఎత్తారు, అనుకున్నచోట దించారు. గాలికి ఓట్స్ చేను వంగి లేచినట్టుండేది. “ఫొటోలో ఆయన కదలడు. ఇక్కడ కదులుతాడు,” అంది లావోన్‌తో.

నిరుడు వేసవిలో కొత్త సీజను కార్యక్రమం వచ్చింది. మే నెల కచేరీలో ఆ సింఫనీ ఉంది. ఏడెనిమిదేళ్లకొకసారి గానీ దాని వంతు రాదు. ఆర్డిస్‌కు ఎనభై దాటాయి. గుండెకు రెండు స్ప్రింగులు వేశారు. శీతాకాలమంతా ఆమె ఒకే సంగతి మాట్లాడింది, మేలో వెండెల్ గుర్తుల ప్రకారం కమానులు కదలడం చూడాలని. తుంటి ఆపరేషన్ చేద్దామని డాక్టరంటే మే తరవాత చూద్దామంది. కొడుకు మిల్వాకీ రమ్మంటే మే తరవాతేనంది. మళ్లీ దాని వంతు వచ్చేసరికి తాను ఉండనని బల్ల దగ్గర అందరికీ చెప్పింది. బాధపడుతూ కాదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

ఆర్కెస్ట్రా ప్రతులన్నీ చూసుకునేది డెల్బర్ట్ క్రూగర్. మిల్లులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు, వెండెల్ కాలం నుంచీ వెనక వరుసలో వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా వాయిస్తాడు. శరదృతువులో పక్క కౌంటీలోని బ్రాడ్‌వాటర్ ఆర్కెస్ట్రా వాళ్లు ఆ సింఫనీ ప్రతులు కొన్నాళ్లు వాడుకుంటామని అడిగారు. వాళ్లది మాకంటే చిన్న ఊరు. డెల్బర్ట్ పెట్టె కట్టి ఇచ్చాడు. పొరుగు ఆర్కెస్ట్రాలు ఇలా ఇచ్చిపుచ్చుకోవడం మామూలే. ఎవరినీ అడగాలని అతనికి తట్టలేదు.

మార్చిలో పెట్టె తిరిగొచ్చింది. బ్రాడ్‌వాటర్ సంఘం అధ్యక్షురాలు ఫ్రాన్సీన్ డెమెర్స్ మంచులో తనే కారు నడుపుకుంటూ తెచ్చి ఇచ్చింది. పెట్టెకు నీలం రిబ్బను కట్టి ఉంది. పైన ఓ డబ్బా నిండా కుకీలు. ఆమె కాఫీ తాగి, ఆర్డిస్‌ను వాటేసుకుని, రోడ్డు గడ్డకట్టకముందే వెళ్లాలని వెళ్లిపోయింది. ఆ రోజు మంగళవారం. బల్ల దగ్గర అందరూ ఉన్నారు. డెల్బర్ట్ ప్రతులు లెక్క చూసుకుందామని రిబ్బను విప్పాడు. మొదటి వయొలిన్ల ప్రతి పైనే ఉంది.

తెరిచాడు. మూసి, ఇంకోటి తీశాడు. అదీ మూశాడు.

“ఏంటి, ఎలుకలు కొరికాయా?” అంది లావోన్.

ఆర్డిస్ చెయ్యి చాపి ఓ ప్రతి తీసుకుంది. పుటమీద అరచెయ్యి పెట్టి, మిల్లులో కాగితం చూసినట్టు, మెల్లగా కిందికి జరిపింది. తిప్పింది. మళ్లీ జరిపింది. అచ్చువేసిన స్వరాలు తప్ప కాగితం మీద ఏమీ లేదు. ఒక్క గీత లేదు. అంత చక్కగా తుడవడం మా బల్ల దగ్గర కూడా ఏ ఒక్కరిద్దరికో చేతనవుతుంది.

ఎందుకిలా జరిగిందో అక్కడున్న ఎవరికీ విప్పి చెప్పక్కర్లేకపోయింది. కొన్నేళ్ల కిందట బ్రాడ్‌వాటర్ వాళ్లు కొత్తగా సంఘం పెట్టుకున్నప్పుడు, తుడవడం నేర్పడానికి వెళ్లింది ఆర్డిస్సే. లావోన్ తోడు వెళ్లింది. నొక్కొద్దు, ఊదొద్దు, అరువు తెచ్చింది ఏదైనా శుభ్రంగా ఇచ్చెయ్యండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేశారు. అద్దెకు తెచ్చింది వేరు, సాటి ఆర్కెస్ట్రా దగ్గర తెచ్చింది వేరని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

డెల్బర్ట్ ముఖం ఎర్రబడింది. ఫోను తీశాడు.

“ఎవరికి?” అంది ఆర్డిస్.

“ఫ్రాన్సీన్‌కి. ఇంకా వంతెన దాటి ఉండదు. వెనక్కొచ్చి ఏం చేసిందో చూడమంటా.”

“చూసి ఏం చేస్తుంది?”

“తప్పు ఒప్పుకుంటుంది.”

“ఏం తప్పు? నేను చెప్పిందే చేసింది. ఫోను లోపల పెట్టు డెల్బర్ట్.”

“మరి నేనిచ్చానుగా, నన్ను తిట్టు.”

“కాఫీ చల్లారిపోతోంది, తాగు,” అంది. ఆ సంగతి బ్రాడ్‌వాటర్‌కు ఎవరూ మోసుకెళ్లకూడదని బల్ల చుట్టూ చూసి చెప్పింది. ఆ పూట తుడవాల్సిన అద్దె ప్రతులు ఇంకా ఓ కట్ట ఉన్నాయి. ఆ కట్ట విప్పి తన వంతు తను తుడిచింది. అదైతే అందరూ చూశారు.

వెండెల్ కుర్చీలో ఇప్పుడు కూర్చునేది మారిసోల్ వేగా. ఆయన పనిచేసిన హైస్కూల్లోనే ఆమె సంగీతం టీచరు. టెక్సస్ నుంచి వచ్చి మూడు శీతాకాలాలే అయింది. విషయం వినగానే ప్రతులన్నీ ఇంటికి తీసుకెళ్లింది. తుడిచినా పెన్సిలు గాడి కాగితంలో మిగులుతుందని ఆమె నమ్మకం. పుటల్ని కిటికీకి ఆనించి చూసింది, పక్కనుంచి దీపం వేసి చూసింది. గాళ్లు లేవు. మెత్తటి పెన్సిలు గాడి పడనివ్వదు. రెండుమూడు చోట్ల ఏదో ఉన్నట్టనిపించింది గానీ, అది బ్రాడ్‌వాటర్ వాళ్లదో, వెండెల్‌దో, కాగితం సహజ గుణమో తేల్చలేకపోయింది.

పాత రికార్డింగులు వెతికారు. రేడియో వాళ్లు తీసిన శబ్దం ఒకటి ఉంది. వీడియో లేదు. శబ్దంలో కమాను ఏ దిక్కుకు పోతోందో అక్కడక్కడ ఊహించొచ్చు గానీ ఒట్టేసి చెప్పలేం.

చివరికి మారిసోల్ ఆర్డిస్ ఇంటికి వెళ్లి, మీరు రెండుసార్లు పైనుంచి చూశారు కదా, మీకు గుర్తున్నంత చెప్పండి, అదే రాస్తానంది. ఆర్డిస్ ఒప్పుకుంది. ఏప్రిల్‌లో ఓ శనివారం మధ్యాహ్నం ఖాళీ హాల్లో ముగ్గురు కలిశారు. మారిసోల్ వేదికమీద, ఆర్డిస్ బాల్కనీలో తన చోట, పెన్సిలు పట్టుకుని డెల్బర్ట్ వేదిక పక్కన.

మారిసోల్ ఒక్కో వరుసా వాయించేది, ఆగేది, పైకి చూసేది. మొదట్లో ఆర్డిస్ గబగబా చెప్పింది. పైకి. కిందికి. కాదు, మళ్లీ వాయించు. ఇక్కడ రెండూ కలిపి. డెల్బర్ట్ రాసుకుంటూ పోయాడు. పావు వంతు అయ్యేసరికి ఆమె జవాబులు ఆలస్యం కాసాగాయి. అందరి కమానులూ కలిసి కదలడం గుర్తుంది. ఆ కదలిక ఏ స్వరం దగ్గరన్నది గుర్తులేదు. చేను వంగడం గుర్తుంటుంది, ఏ గంటకు వంగిందో ఎవరికి గుర్తుంటుంది?

మెల్లగా సాగే రెండో భాగం వచ్చింది. దీని గురించి మాత్రం తనకు అనుమానం లేదంది ఆర్డిస్. అందరూ కమాను కొసనుంచి మొదలుపెట్టారు, పైకి, కదిలినట్టే తెలియకుండా. వెండెల్ గరిటెతో అది ఎన్నిసార్లు లాగి చూశాడో తను కళ్లారా చూసిందంది.

మారిసోల్ అలా వాయించింది. బాగానే ఉంది. డెల్బర్ట్ మాత్రం రాయలేదు. పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు.

“ఏంటి?” అంది ఆర్డిస్ పైనుంచి. ఆమెకు వినపడాలని అతను గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది.

“అది ఇందులోది కాదు ఆర్డిస్. ఆ క్రిస్మస్‌కి వాయించామే, అందులోది. ఇందులో కిందికే మొదలెట్టేవాళ్లం. నేను వెండెల్ వెనకే కదా కూర్చునేది.”

“నువ్వు కూర్చునేది వయోలాల్లో.”

“వయోలాలకూ అదే గుర్తు ఇచ్చాడు.”

“గ్యారంటీగా?”

డెల్బర్ట్ ఆలోచించాడు. అతను అబద్ధం చెప్పలేని మనిషి. ఆ రోజు చెప్పి ఉంటే బాగుండేదని తరవాత తనే అన్నాడు. “గ్యారంటీ ఏం లేదు,” అన్నాడు.

ఆర్డిస్ కడ్డీ పట్టుకుని లేచింది. తరవాత మెట్లు దిగి వచ్చింది. తుంటి నొప్పితో దిగడానికి చాలాసేపు పట్టింది. వేదిక దగ్గరికి వచ్చి, డెల్బర్ట్ రాసిన ప్రతి అడిగి తీసుకుని, మారిసోల్ స్టాండుమీద పెట్టింది.

“ఇవి నా గీతలమ్మా. ఆయన పేరు చెప్పి నా గీతలు వాయించకండి,” అంది. “నీకు ఎలా బాగుంటే అలా పెట్టుకో.”

“మీకు గుర్తున్నవైనా ఉంచుతాను, మిసెస్ హాల్వర్సన్. సగమైనా ఆయనవే అయ్యుంటాయి.”

“ఏ సగమో చెప్పు, ఉంచుదువు గానీ.”

ఆర్డిస్ పర్సులోంచి రబ్బరు తీసి, ఆ ప్రతిమీది గీతల్ని అక్కడే నిలబడి తుడిచేసింది. ఒక్క దిక్కుకే, నొక్కకుండా. పొట్టు దులపడానికి బ్రష్షు లేక చేతిరుమాలు వాడింది.

మే కచేరీకి హాలు నిండింది. బ్రాడ్‌వాటర్ నుంచి బస్సు వేసుకుని ఫ్రాన్సీన్ వాళ్ల సంఘమంతా వచ్చింది. తమ ఊళ్లో వాయించిన సింఫనీ పెద్ద ఆర్కెస్ట్రా వాయిస్తే ఎలా ఉంటుందో చూడాలని. ఆర్డిస్ రాదేమోనని లావోన్ భయపడింది. ఆర్డిస్ వచ్చింది. నీలం గౌను, ముత్యాల గొలుసు. తన చోట కూర్చుంది. దీపాలు తగ్గగానే మిషన్లు తీసి పర్సులో వేసుకుంది.

పక్కనే కూర్చున్న లావోన్ చెప్పినదాని ప్రకారం, మొదటి భాగమంతా ఆమె ఎప్పట్లాగే ముందుకు వంగి చూసింది. కమానులన్నీ కలిసే లేచాయి, కలిసే దిగాయి. మారిసోల్ గట్టి పనిమంతురాలు, ఒక్క కమాను కూడా వరుస తప్పలేదు. రెండో భాగం మొదలవబోతుండగా ఆర్డిస్ లావోన్ చెయ్యి పట్టుకుంది. కమానులు కిందికి దిగుతూ మొదలయ్యాయి. డెల్బర్ట్ చెప్పినట్టే వెండెల్ పెట్టింది కూడా కిందికేనేమో. మారిసోల్‌కు తనంతట తనకే అలా తోచిందేమో. ఆర్డిస్ ఆ తేడా పట్టుకోవడానికి ప్రయత్నించింది. కాసేపటికి లావోన్ చెయ్యి వదిలేసి, కుర్చీలో వెనక్కి ఆనుకుంది. ఆ సీట్లో ఆమె వెనక్కి ఆనుకోవడం లావోన్ అంతకుముందు చూడలేదు. మిగతా భాగాలు ఆమె అలాగే చూసింది, అందరూ చూసినట్టు.

చప్పట్లయ్యాక కింద వరండాలో జనం. మారిసోల్ వయొలిన్ పెట్టె భుజానికి తగిలించుకుని గుంపులోంచి దారి చేసుకుంటూ వచ్చింది. ఎలా ఉందని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ఆర్డిస్సే ఆమె బుగ్గమీద తట్టి, చాలా చక్కగా ఉందంది, అందరి కమానులూ ఒక్కటిగా కదిలాయంది.

అప్పుడే ఫ్రాన్సీన్ వచ్చింది. తన సంఘంవాళ్లను నలుగురైదుగురిని వెంటబెట్టుకుని, చేతులు చాపుకుంటూ. ఆమెను చూడగానే డెల్బర్ట్ కోట్ల గది వైపు తిరిగిపోయాడు. లావోన్ ఆర్డిస్‌ను తలుపువైపు లాగబోయింది. కుదరలేదు.

“ఆర్డిస్, వీళ్లే మా బల్లవాళ్లు,” అంది ఫ్రాన్సీన్. “నువ్వు నేర్పినట్టే ఒక్క దిక్కుకే తుడిచారు. మూడు మంగళవారాలు కూర్చున్నాం తెలుసా? ఎవరు రాశారో గానీ కొన్ని పేజీలైతే గీతలతో నిండిపోయాయి. చెప్పు మరి, టీచరమ్మా. మార్కులెన్ని? ఎక్కడైనా ఒక్క గీత మిగిలిందా?”

చుట్టూ అంత గోలలో ఆర్డిస్‌కు ఆ మాట అందకపోయి ఉండొచ్చని లావోన్ ఆశపడింది. మిషన్లు ఇంకా పర్సులోనే ఉన్నాయి. కానీ ఆర్డిస్ ఫ్రాన్సీన్ పెదాల వంకే చూస్తోంది.

“ఒక్కటి కూడా లేదు ఫ్రాన్సీన్,” అంది. “అన్నీ వెతికాను.”

బ్రాడ్‌వాటర్ వాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. అందరికంటే వెనక నిలబడ్డ ఓ ముసలామె, చేతిసంచీ గుండెకు హత్తుకుని, సిగ్గుపడుతూ, కష్టమైన పేజీలన్నీ తనవేనని చెప్పుకుంది. ఆర్డిస్ ముందుకెళ్లి ఆమెతో కరచాలనం చేసింది. పనితనమున్న చెయ్యి అని మెచ్చుకుంది. ఆ తరవాత కోటు ఎక్కడ పెట్టానో కాస్త చూడమని లావోన్‌ను పంపించి, గోడ పక్కనున్న కుర్చీలో కూర్చుంది.